అమోనియా ఎంత వస్తుంది? వాయువుల సమతాస్థితి లెక్క

ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. చదివి, ఎంసెట్ దాటి, ఇప్పుడు అమెరికాలో కంప్యూటర్ల ముందు కూర్చుని పని చేసుకుంటున్న మనలో చాలామందికి ఈ సమీకరణం గుర్తుండే ఉంటుంది:

నత్రజని + 3 హైడ్రోజన్ ⇌ 2 అమోనియా

"పీడనం పెంచితే అమోనియా పెరుగుతుంది, ఉష్ణోగ్రత పెంచితే తగ్గుతుంది" అని రాసి, పక్కన లీ షాట్లియే సూత్రం అని పేరు పెడితే మార్కులు వచ్చేసేవి. పెరుగుతుంది సరే, ఎంత పెరుగుతుంది? నూటికి రెండు పాళ్ళా, ఇరవై పాళ్ళా, డెబ్బై పాళ్ళా? కర్మాగారం కట్టేవాడికి కావలసింది ఆ అంకె. ఆ అంకెను రాబట్టే పద్ధతి ఏమిటో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఈ వ్యాసంలో చూద్దాం. లెక్క పెద్ద కష్టం కాదు. ఇంటర్ లెక్కలూ, బైనరీ సెర్చీ తెలిస్తే చాలు.

ఒక అంకె మీద తగువు

ముందు ఈ అంకె విలువేమిటో చూద్దాం. జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1904, 1905 ప్రాంతాల్లో సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో ఈ చర్యను కొలిచాడు. వచ్చిన అమోనియా నూటికి ఒక పాలులో వందో వంతు స్థాయిలో ఉంది. అంత తక్కువ వస్తే వ్యాపారం ఎలా చేస్తారు? దాని మీద ఇంకొకటి: 1907లో హాంబర్గ్‌లో జరిగిన సభలో వాల్టర్ నెర్న్‌స్ట్ లేచి, హేబర్ అంకె ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉందని అందరి ముందూ అన్నాడు. హేబర్ తన సహచరుడు రాబర్ట్ లె రొసిన్యోల్‌తో కలిసి, ఈసారి 30 అట్మాస్ఫియర్ల పీడనంలో మళ్ళీ కొలిచి పాత అంకెను సరిదిద్దుకున్నాడు. పీడనం పెంచి కొలిచే ఆ పనిలోనే అసలు దారి కనిపించింది. 1909 జూలైలో బి.ఏ.ఎస్.ఎఫ్. కంపెనీ వాళ్ళ ఎదుట చుక్కలు చుక్కలుగా అమోనియా కారడం చూపించాడు. 1913లో ఓపౌలో కర్మాగారం నడిచింది.

అమెరికాకు ఆ విద్య అంత సులభంగా పట్టుబడలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అలబామాలోని షెఫీల్డ్‌లో, మజిల్ షోల్స్ పక్కనే, హేబర్ పద్ధతిని కొంత మార్చి ఒక ప్రభుత్వ నైట్రేట్ కర్మాగారం కట్టారు. అది అనుకున్నట్టు నడవలేదు. యుద్ధం ముగిశాక, 1919లో, వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీ ఆవరణలో ఫిక్స్‌డ్ నైట్రోజన్ రిసెర్చ్ లేబొరేటరీ మొదలైంది. అక్కడ లార్సన్, డాడ్జ్ అనే ఇద్దరు 1923లో 10 నుంచి 100 అట్మాస్ఫియర్ల వరకు, తర్వాత 1924లో లార్సన్ 1000 అట్మాస్ఫియర్ల వరకు, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎంత అమోనియా ఉంటుందో ఓపిగ్గా కొలిచి పట్టికలు వేశారు. మన లెక్కను సరిచూసుకోవడానికి ఆ పట్టికలకన్నా మంచి గీటురాయి లేదు. అందుకే ముందు లెక్క వేసుకుని, తర్వాత వాటి దగ్గరకు వెళదాం.

సమీకరణం వేసుకోవడం

సమతాస్థితి అంటే చర్య ఆగిపోవడం కాదు. అమోనియా ఎంత వేగంగా తయారవుతోందో అంతే వేగంగా విరిగిపోతోంది, అందుకని పాళ్ళు మారడం లేదు. ఆ స్థితిలో పాక్షిక పీడనాల మధ్య ఒక నిష్పత్తి స్థిరంగా ఉంటుంది. ఒక మోల్ అమోనియాకు లెక్క కడితే (అంటే అర మోల్ నత్రజని, ఒకటిన్నర మోల్ హైడ్రోజన్):

కే = అమోనియా పీడనం ÷ [(నత్రజని పీడనం)^½ × (హైడ్రోజన్ పీడనం)^1½]

కే అన్నది సమతా స్థిరాంకం. ఉష్ణోగ్రత మారితే మారుతుంది, పీడనం మారితే మారదు. కనీసం పాఠ్యపుస్తకం అలా అంటుంది. ఈ రెండో మాటను గుర్తు పెట్టుకోండి, దానితో పని పడుతుంది.

పాక్షిక పీడనం అంటే మొత్తం పీడనంలో ఆ వాయువు వాటా. నూరు అట్మాస్ఫియర్ల మిశ్రమంలో అమోనియా పదిహేను పాళ్ళు ఉంటే, దాని పాక్షిక పీడనం పదిహేను అట్మాస్ఫియర్లు.

ఇప్పుడు ఒక పాలు నత్రజనికి మూడు పాళ్ళు హైడ్రోజన్ కలిపి మొదలు పెట్టామనుకుందాం. చర్యలో కూడా అవి 1:3 నిష్పత్తిలోనే ఖర్చవుతాయి కాబట్టి, మిగిలేది ఎప్పుడూ 1:3 గానే మిగులుతుంది. మిశ్రమంలో అమోనియా భాగం 'అ' అనుకుంటే, మిగతా (1 − అ)లో నాలుగో వంతు నత్రజని, మూడు నాలుగో వంతులు హైడ్రోజన్. మొత్తం పీడనం 'పీ' అనుకుని పై సూత్రంలో పెడితే, కొట్టివేతలన్నీ పోగా మిగిలేది ఇంతే:

అ ÷ (1 − అ)² = 0.3248 × కే × పీ

ఆ 0.3248 ఎక్కడినుంచి వచ్చింది? నాలుగో వంతు వర్గమూలం 0.5. ముప్పావు మీద ఒకటిన్నర ఘాతం 0.6495. వాటి లబ్ధం 0.3248.

కుడివైపు ఉన్నదాన్నంతా 'గ' అందాం. ఇది మామూలు వర్గ సమీకరణం:

అ = [(2గ + 1) − √(4గ + 1)] ÷ (2గ)

రెండో మూలం (వర్గమూలం ముందు కూడిక ఉన్నది) ఒకటికన్నా పెద్దది. మిశ్రమంలో నూటికి నూరు పాళ్ళకు మించి అమోనియా ఉండదు కాబట్టి దాన్ని వదిలేస్తాం.

ఒక లెక్క పూర్తిగా

450 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 10 అట్మాస్ఫియర్ల పీడనంలో కొలిచిన కే విలువ సుమారు 0.0066. దానితో 100 అట్మాస్ఫియర్ల దగ్గర లెక్క కడదాం.

గ = 0.3248 × 0.0066 × 100 = 0.2143. అందువల్ల అ = 0.1536. అంటే నూటికి 15.4 పాళ్ళ అమోనియా.

లీటరుకు ఎన్ని మోల్‌లు అన్నది (అంటే గాఢత) కావాలంటే ఒక్క మెట్టు ఎక్కాలి. ఆదర్శ వాయు సూత్రం ప్రకారం లీటరులో ఉండే మొత్తం మోల్‌లు పీడనాన్ని (0.08206 × కెల్విన్ ఉష్ణోగ్రత)తో భాగిస్తే వస్తాయి. 450 సెల్సియస్ అంటే 723 కెల్విన్. 100ని 59.3తో భాగిస్తే లీటరుకు 1.685 మోల్‌లు. అందులో అమోనియా 0.259, నత్రజని 0.357, హైడ్రోజన్ 1.070. కూడి చూడండి, మొత్తం సరిపోతుంది. ఇలా కూడి చూసుకోవడం అలవాటు చేసుకుంటే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

పాళ్ళు కుదరనప్పుడు

1:3 పాళ్ళు కాబట్టి వర్గ సమీకరణంతో బయటపడ్డాం. ఒక మోల్ నత్రజనికి రెండే మోల్‌ల హైడ్రోజన్ ఉంటే? అప్పుడు సూత్రంతో తేలిగ్గా తెగదు. ఇక్కడ మన వృత్తి పనికొస్తుంది.

నత్రజని 'చ' మోల్‌లు ఖర్చయిందనుకుందాం. అప్పుడు మిగిలిన నత్రజని 1 − చ, హైడ్రోజన్ 2 − 3చ, తయారైన అమోనియా 2చ, మొత్తం 3 − 2చ. వీటిని సూత్రంలో పెడితే:

2చ(3 − 2చ) ÷ [(1 − చ)^½ × (2 − 3చ)^1½] = కే × పీ = 0.66

చ సున్నాకన్నా తక్కువ కాలేదు, ఎందుకంటే మొదట అమోనియా లేదు. 2/3 కన్నా ఎక్కువ కాలేదు, ఎందుకంటే అక్కడికి హైడ్రోజన్ అయిపోతుంది. ఎడమవైపు విలువ చ = 0 దగ్గర సున్నా, చ 2/3కి చేరుతుంటే అనంతం. మధ్యలో ఎక్కడా తగ్గకుండా పెరుగుతూనే పోతుంది. కాబట్టి 0.66ని తాకే చోటు ఒకటి ఉండి తీరుతుంది, ఒక్కటే ఉంటుంది. ఇది అచ్చంగా క్రమంలో పెట్టిన జాబితాలో బైనరీ సెర్చ్ లాంటిదే.

చ = 0.3333 దగ్గర విలువ 1.905, ఎక్కువ. ఎడమ సగం తీసుకుందాం.
చ = 0.1667 దగ్గర 0.530, తక్కువ. కుడి సగం.
చ = 0.25 దగ్గర 1.033, ఎక్కువ.
చ = 0.2083 దగ్గర 0.750, ఎక్కువ.
చ = 0.1875 దగ్గర 0.634, తక్కువ.

ఇలా ఇరవై సార్లు విరిస్తే మిగిలే అనిశ్చితి పది లక్షల్లో ఒక వంతుకన్నా తక్కువ. జవాబు చ = 0.192 దగ్గర తేలుతుంది. అమోనియా భాగం 0.3847 ÷ 2.6153, అంటే నూటికి 14.7 పాళ్ళు. 1:3 పాళ్ళతో వచ్చిన 15.4 కన్నా కొంచెం తక్కువ. తక్కువే రావాలి కూడా, ఎందుకంటే ఈ సూత్రం ప్రకారం అమోనియా భాగం అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది 1:3 దగ్గరే.

న్యూటన్ పద్ధతి ఇంతకన్నా వేగం కదా అని ఎవరైనా అడగవచ్చు. వేగమే. కాని మొదటి ఊహ సరిగ్గా లేకపోతే ఒక్క గెంతులో 2/3 దాటేస్తుంది. అప్పుడు హైడ్రోజన్ రుణ సంఖ్య అవుతుంది, రుణ సంఖ్యకు ఒకటిన్నర ఘాతం కట్టమంటే ప్రోగ్రాము "నాట్ ఎ నంబర్" అని చేతులెత్తేస్తుంది. న్యూటన్ వాడినా, సరిహద్దులు దాటకుండా కాపలా పెట్టుకోవాలి. ఆ సరిహద్దులు మనం కల్పించుకున్నవి కావు. ఏ పదార్థమూ సున్నాకన్నా తక్కువ ఉండదన్న మామూలు నిజంలోంచి వచ్చినవి.

గీటురాయి మీద

ఇప్పుడు లార్సన్ పట్టిక తీద్దాం. 450 డిగ్రీలు, 1:3 పాళ్ళు. మన సూత్రంలో కే = 0.0066 అలాగే ఉంచి పీడనం మాత్రం మారుస్తాం. అమోనియా నూటికి ఎన్ని పాళ్ళో చూడండి:

10 అట్మాస్ఫియర్లు: లెక్క 2.06, కొలత 2.04
30 అట్మాస్ఫియర్లు: లెక్క 5.72, కొలత 5.80
100 అట్మాస్ఫియర్లు: లెక్క 15.4, కొలత 16.35
300 అట్మాస్ఫియర్లు: లెక్క 30.8, కొలత 35.5
600 అట్మాస్ఫియర్లు: లెక్క 42.5, కొలత 53.6
1000 అట్మాస్ఫియర్లు: లెక్క 51.1, కొలత 69.4

మొదటి వరుస కలవడంలో గొప్పేమీ లేదు, స్థిరాంకం తెచ్చుకున్నదే అక్కడినుంచి. 30 దగ్గర ఫరవాలేదు. 100 దగ్గర ఒక పాలు తేడా. 1000కి వచ్చేసరికి పద్దెనిమిది పాళ్ళు!

ప్రోగ్రాములో తప్పు లేదు. వర్గమూలాన్ని పదిహేను దశాంశ స్థానాల వరకు కట్టినా జవాబు 51.1 అనే వస్తుంది. తప్పు సమీకరణంలో ఉంది. వాయు అణువులకు సొంత పరిమాణం లేదనీ, ఒకదాన్నొకటి పట్టించుకోవనీ అనుకున్నాం. అదే ఆదర్శ వాయువు. పది అట్మాస్ఫియర్ల దగ్గర అణువులు దూరదూరంగా ఉంటాయి కాబట్టి ఆ ఊహ చెల్లింది. వెయ్యి దగ్గర సంక్రాంతికి ఊరెళ్ళే బస్సులా కిక్కిరిసి ఉంటాయి. ఆ ఒత్తిడిలో నత్రజని, హైడ్రోజన్ తమ పాక్షిక పీడనానికి మించిన బలంతో చర్యను ముందుకు నెడతాయి. అమోనియా వెనక్కి నెట్టే బలం అంతగా పెరగదు. అందువల్ల అమోనియా లెక్కకన్నా ఎక్కువ వస్తుంది.

కొలిచిన పాళ్ళనుంచి వెనక్కి కే కట్టి చూస్తే, 10 అట్మాస్ఫియర్ల దగ్గర 0.0066 ఉన్నది 1000 దగ్గర సుమారు 0.023 అవుతుంది. స్థిరాంకం అనుకున్నది మూడున్నర రెట్లు పెరిగింది. నిజంగా స్థిరంగా ఉండేది వేరే ఉంది. ఇలాంటి చోట పాక్షిక పీడనానికి బదులు వాడవలసిన "పనిచేసే పీడనం" ఒకటుందని గిల్బర్ట్ లూయిస్ 1901లోనే చెప్పి, దానికి ఫ్యుగాసిటీ అని పేరు పెట్టాడు. ప్రతి వాయువు పీడనాన్నీ దానికి తగిన గుణకంతో హెచ్చవేసి సూత్రంలో పెడితే స్థిరాంకం మళ్ళీ స్థిరంగా నిలుస్తుంది. 1930లో ఎం.ఐ.టి.లో గిలెస్పీ, బీటీ నిజ వాయువుల సమీకరణంతో ఈ అమోనియా కొలతలకు సరిపడే లెక్క కట్టి చూపించారు.

ప్రోగ్రాము ఎన్ని దశాంశాలు ముద్రిస్తోంది అన్నది లెక్క ఎంత బాగా జరిగిందో చెబుతుంది. ఏ లెక్క చేయాలో మనం సరిగ్గా ఎంచుకున్నామా అన్నది చెప్పదు. దానికి బయటి కొలత ఒకటి ఉండాలి.

ఎంత వస్తుంది వేరు, ఎప్పుడు వస్తుంది వేరు

ఇదే సూత్రాన్ని 25 డిగ్రీలకు, ఒక్క అట్మాస్ఫియర్‌కు వాడి చూడండి. అక్కడ కే సుమారు 760. అమోనియా నూటికి 94 పాళ్ళు రావాలి! మరి 450 డిగ్రీలూ, వందల అట్మాస్ఫియర్లూ ఎందుకు? నత్రజని, హైడ్రోజన్ కలిపి సీసాలో పోసి మూత పెడితే ఏళ్ళు గడిచినా ఏమీ జరగదు కనుక. నత్రజని అణువులోని మూడు పేటల బంధం అంత గట్టిది. దాన్ని విప్పడానికి ఇనుము లాంటి ఉత్ప్రేరకం కావాలి, ఆ ఉత్ప్రేరకం చురుగ్గా పనిచేయడానికి వేడి కావాలి. ఆ వేడికి సమతాస్థితి దిగజారిపోతుంది. దిగజారినదాన్ని పీడనంతో లేవదీయాలి. సమతాస్థితి లెక్క పైకప్పు ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది. అక్కడికి ఎక్కే నిచ్చెన సంగతి దానికి తెలియదు.

ఈ బేరం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. మన రామగుండంలో 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడిన బొగ్గు ఆధారిత ఎరువుల కర్మాగారం స్థానంలో, సహజ వాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలు పెట్టింది. దాని సామర్థ్యం రోజుకు 2,200 టన్నుల అమోనియా, 3,850 టన్నుల యూరియా. ఇలాంటి కర్మాగారాల్లో వాయువులు ఒకసారి ఉత్ప్రేరకం మీదుగా వెళితే కొంత భాగమే అమోనియాగా మారుతుంది. దాన్ని చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ లోపలికి తిప్పుతారు. ఎన్నిసార్లు తిప్పాలి, కంప్రెసర్ ఎంత పెద్దది కావాలి అన్నవన్నీ మనం పైన కట్టిన ఆ ఒక్క 'అ' మీద ఆధారపడతాయి. ఊళ్ళో మనవాళ్ళు పొలంలో చల్లే యూరియా బస్తా వెనక ఈ వర్గ సమీకరణం ఉంది.

ఒక చర్య కాదు, పది పదార్థాలు

ఇక్కడిదాకా ఒకే చర్య. రాకెట్ ఇంజన్ లోపల అలా ఉండదు. అన్నీ విరిగి, అన్నీ మళ్ళీ కలుస్తుంటాయి, ఏ చర్య రాయాలో కూడా తెలియదు. 1958లో రాండ్ సంస్థకు చెందిన వైట్, జాన్సన్, డాంట్జిగ్ దీనికి చర్యలే రాయనక్కర్లేని దారి చూపించారు. ఆ డాంట్జిగ్ ఎవరో కాదు, లీనియర్ ప్రోగ్రామింగ్‌లో సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టిన జార్జ్ డాంట్జిగ్. వాళ్ళ ఆలోచన ఇది: ఉష్ణోగ్రత, పీడనం స్థిరంగా ఉంటే ప్రకృతి మిశ్రమం తాలూకు గిబ్స్ శక్తిని కనిష్ఠం చేస్తుంది. కాబట్టి మూలకాల పరమాణువుల లెక్క తప్పకుండా, ఆ శక్తిని కనిష్ఠం చేసే పాళ్ళు వెతకండి. వాళ్ళు తీసుకున్న ఉదాహరణ హైడ్రజీన్, ఆక్సిజన్ మండడం: 3500 కెల్విన్, చదరపు అంగుళానికి 750 పౌన్లు, మొత్తం పది పదార్థాలు. రసాయన సమస్య ఆప్టిమైజేషన్ సమస్య అయిపోయింది.

ఈ దారిలోనే క్లీవ్‌లాండ్‌లోని నాసా లూయిస్ కేంద్రంలో (1999 నుంచి దాని పేరు గ్లెన్) శాన్‌ఫర్డ్ గార్డన్, బానీ మక్‌బ్రైడ్ దశాబ్దాలపాటు ఒక ఫోర్ట్రాన్ ప్రోగ్రామును పెంచి పోషించారు. 1971లో ఒక పెద్ద నివేదిక, 1994, 1996లలో రెండు భాగాలుగా మరొకటి వెలువడ్డాయి. వాయువుల మోల్‌లను నేరుగా కాక వాటి లాగరిథమ్‌లను చలరాశులుగా పెట్టుకోవడం అందులో ఒక కిటుకు. లాగరిథమ్ ఎటు పోయినా మోల్‌ల సంఖ్య ధనంగానే ఉంటుంది. ఇందాక మనం చెప్పుకున్న కాపలా దానంతటదే వచ్చేసింది. అయితే ఆ ప్రోగ్రామూ వాయువులను ఆదర్శ వాయువులుగానే చూస్తుంది, ఆ సంగతి దాని నివేదికలోనే రాసి ఉంది. రాకెట్ గదిలోని అమిత వేడికి ఆ ఊహ బాగానే చెల్లుతుంది. అదే ప్రోగ్రామును 1000 అట్మాస్ఫియర్ల అమోనియా మీద ప్రయోగిస్తే, పైన మనం చూసిన గొయ్యిలోనే పడతాం.

మీరే చేసి చూడండి

చివరగా ఒక చిన్న అభ్యాసం. 500 డిగ్రీల దగ్గర, 10 అట్మాస్ఫియర్ల పీడనంలో కొలిచిన అమోనియా నూటికి 1.20 పాళ్ళు. దాన్నుంచి కే కట్టండి. ఆ కే తో 600 అట్మాస్ఫియర్ల దగ్గర ఎంత రావాలో లెక్క కట్టండి. కే 0.0038 దగ్గర, అమోనియా నూటికి 33 పాళ్ళ దగ్గర వస్తే మీ లెక్క సరైనదే. కొలిచి చూసినప్పుడు వచ్చింది 42.1. ఆ తొమ్మిది పాళ్ళ తేడా మీ ప్రోగ్రాములో వెతక్కండి, అక్కడ దొరకదు.